టోపీ మీద కిరీటం

మర్పల్లి స్టేషన్‌లో రైలెక్కితే ఒక దిక్కు వికారాబాద్, ఇంకో దిక్కు జహీరాబాద్, ఆ పైన బీదర్. దేవణి పశువులు పుట్టిన లాతూర్, బీదర్ ప్రాంతం ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మామ సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు కంది, జొన్న, కొంత పత్తి వేస్తాడు. కోడలు అంటే ఆయన చెల్లెలి బిడ్డ. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, పైచదువుకు టెక్సాస్ పోయి, ఎండాకాలం సెలవులకు వచ్చింది. ఆమె ఫోన్‌లోని ఒక ఫోటో దగ్గర గొడవ మొదలైంది. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను. తీర్పు చెప్పమని నన్ను ఇద్దరూ అడగలేదు. అయినా ఒకటి రెండు చోట్ల నోరు మూసుకోలేకపోయాను.

మామ: ఇదేం వేషం పిల్లా? టోపీ ఎండకు పెట్టుకుంటరు, కిరీటం దర్బారుకు పెట్టుకుంటరు. రెండూ ఒక్క నెత్తి మీదనేనా?

కోడలు: వేషం కాదు మామా, పదవి. నాతోని చదివిన పిల్లనే. వాళ్ల కౌంటీకి, అంటె మన జిల్లా లెక్క, ఒక ఏడాది రోడియో రాణి. కిరీటాన్ని టోపీకే బిగిస్తరు, గుర్రం ఎంత ఉరికినా ఊడొద్దని.

మామ: రోడియో అంటె మదమెక్కిన ఎద్దు మీద కూసొని కింద పడుడు. గంతే గద?

కోడలు: పడకుండ ఎనిమిది సెకండ్లు ఉండుడు. ఒక్క చేత్తోనే తాడు పట్టాలె. రెండో చెయ్యి ఎద్దుకు తగిలిందంటె ఆట పోయినట్టే. వంద మార్కులల్ల యాభై మనిషికి, యాభై ఎద్దుకు. ఎద్దు మంచిగ ఎగరకపోతె మీద కూసున్నోడు ఎంత గట్టోడైనా గెలువడు.

మామ: ఎద్దుకు సగం మార్కులా! ఇది బాగున్నది. మన దిక్కు బతుకంత దున్నిన ఎద్దుకు ఎవడన్న ఒక్క మార్కు వేసిండా?

కోడలు: ఎద్దును మెచ్చుకున్నవ్ గాని, రాణి సంగతి అడుగవైతివి.

మామ: చెప్పు, వింట. వినకుంటె నువ్వు పోనిస్తవా?

కోడలు: వాళ్లకు ఎండాకాలం అంటె జూన్ నుంచి ఆగస్టు దాంక. ఆ మూణ్నెల్లు కౌంటీ ఫెయిర్లే ఫెయిర్లు. జాతర, అంగడి, వ్యవసాయ ప్రదర్శన మూడూ ఒక్క మైదానంలనే. బడి పిల్లలు నెలల తరబడి పెంచిన పందినో, లేగనో, గొర్రెనో తోలుకొస్తరు. జడ్జి నిలబెట్టి చూస్తడు, నడిపిచ్చి చూస్తడు. ఆఖరికి వేలం. పెంచిన లేగ అమ్ముడువోతుంటె దాని మెడ పట్టుకొని ఏడ్చిన పిల్లలను నేనే చూసిన. సాయంత్రమైతె రోడియో. శుక్రవారం ఒక ఊరు, శనివారం ఇంకో ఊరు. జులై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం. ఆ వారం ఎన్ని రోడియోలుంటయంటె, ఆటగాళ్లు దానికి కౌబాయ్ క్రిస్మస్ అని పేరే పెట్టుకున్నరు. రాత్రంత బండి నడుపుకుంట ఒక ఊర్ల ఆడి ఇంకో ఊరికి ఉరుకుతరు.

మామ: వాళ్లు ఆడుతరు. ఈ పిల్ల ఏం చేస్తది?

కోడలు: ట్రక్కు ఎనకాల గుర్రం బండి తగిలిచ్చుకొని వాళ్లమ్మతోని పోయేది. పొద్దుగాల ఊరేగింపు. పగటీలి బడికో, దవాఖానకో, ముసలోళ్లు ఉండే ఆశ్రమానికో పోవుడు, గుర్రం గురించి, పశువుల గురించి చెప్పుడు. సాయంత్రం జెండా పట్టుకొని నిండు ఉరుకు మీద మైదానం చుట్టు తిరుగుడు. సులువనుకోకు. ఒక చేతిల జెండా గాలికి కొట్టుకుంటుంటది, ఒక చేతిల పగ్గం. జనం అరుపులకు గుర్రం బెదురుతుంటది. ముఖం మీద నవ్వు మాత్రం పోవొద్దు. తాడేసుడు పోటీ అయినంక లేగలు మైదానంల నిలబడిపోతె వాటిని గేటు దిక్కు తోలుడు కూడ చాలాచోట్ల రాణి పనే. రాత్రి గుర్రాన్ని కడిగి, నీళ్లు పెట్టి, అప్పుడు పండుకునుడు. తెల్లారి మళ్ల జుట్టు చుట్టలు చుట్టుకొని, రంగులేసుకొని తయారు.

మామ: జీతమెంత?

కోడలు: చిన్న కౌంటీలల్ల జీతమేడిది? బట్టలు తనయే, డీజిల్ తనదే. ఊర్ల దుకాణాలోళ్లు కొంత ఇస్తరు. ఒక్కోసారి ఆమె పట్టుకొని తిరిగే జెండా మీద వాళ్ల పేరే ఉంటది.

మామ: దొరికినవ్! మొగోడు ఎద్దు మీద ఎగిరి పైసలు గెలుస్తడు. ఆడపిల్ల సొంత పైసలు పెట్టుకొని దుకాణపోని పేరు మోస్తది. దానికి రాణి అని పేరు. పెండ్లి కావొద్దనే షరతు కూడ ఉండే ఉంటది, ఉన్నదా లేదా?

కోడలు: దేశం మొత్తానికి మిస్ రోడియో అమెరికా అని ఒకటున్నది, 1955 నుంచి నడుస్తున్నది. దానికి పెండ్లి కాని పిల్లలే పోవాలె.

మామ: ఎద్దు మీద కూసునేటోడికి ఉన్నదా ఆ షరతు?

కోడలు: లేదు.

మామ: నేను సోషల్ సారును. ఏ పదవి గురించి అయినా మొదలు తారీఖు అడుగుత. ఎప్పుడు పుట్టింది, అప్పుడు పక్కన ఇంకేం జరుగుతున్నది అని చూస్తె సగం గుట్టు ఆడనే తెలుస్తది. ఈ రాణి ఎప్పుడు పుట్టింది?

కోడలు: వాయొమింగ్‌ల షయాన్ రోడియో 1897ది. ఒరెగాన్‌ల పెండిల్టన్ అనే ఊర్ల రౌండప్ 1910ల మొదలైంది, ఆడ మొదటి ఏడే రాణి ఉన్నది. కెనడాల కాల్గరీ స్టాంపీడ్ 1912ది గాని రాణి 1946ల వచ్చింది. మొదట్ల చాలా ఊర్లల్ల రాణి ఎవరంటె, ఎక్కువ టికెట్లు అమ్మిన పిల్లనే.

మామ: టికెట్లు అమ్మిన పిల్ల! నేనన్నది నువ్వే రుజువు చేస్తున్నవ్. మరి అప్పట్ల ఆడోళ్లు ఆటలకు దిగలేదా?

కోడలు: దిగిన్రు. లొంగని గుర్రాల మీద ఆడోళ్లు కూసునేటోళ్లు. వాళ్లను చూడనీకే జనం వచ్చేటోళ్లు. 1929ల పెండిల్టన్‌ల బానీ మెకారల్ అనే ఆమె గుర్రం మీదికెల్లి పడ్డది, ఆ గాయాలతోని కొద్దిదినాలకు పానం పోయింది. ఆడోళ్లకు ఆడ ఒక పద్ధతి ఉండె. రెండు రికాబులను గుర్రం కడుపు కింద ఒకదానికొకటి కట్టేసేటోళ్లు, కాళ్లు కదలొద్దు, పడొద్దు అని. పడ్డప్పుడు అదే మీదికొచ్చింది. ఆమె పోయినంక పెండిల్టన్‌ల ఆడోళ్ల పోటీ బంద్ పెట్టిన్రు. అదే ఏడాది రోడియోలు నడిపేటోళ్లంత కలిసి ఒక సంఘం పెట్టుకున్నరు. వాళ్లు రాసుకున్న పోటీల జాబితాల ఆడోళ్లకు జాగ లేదు.

మామ: మొగోళ్లు పడి సావలేదా?

కోడలు: సచ్చిన్రు.

మామ: మొగోళ్ల ఆట బంద్ పెట్టిన్రా?

కోడలు: లేదు.

మామ: ఇగ నేను చెప్పేదేమున్నది? పగ్గం గుంజుకున్నరు, కిరీటం ఇచ్చిన్రు.

ఇక్కడ మామ పట్టు గట్టిదే. కానీ ఆయన లాగినంత దూరం అది రాదు. పెండిల్టన్‌లో రాణి 1910 నుంచే ఉంది. ఆడవాళ్లు లొంగని గుర్రాలెక్కిన కాలంలోనే ఉంది. స్వారీ మాన్పించి దాని బదులు కిరీటం కనిపెట్టారనడం బడి పాఠానికి బాగుంటుంది కానీ జరిగింది అంత ఒద్దికగా లేదు. రెండూ ఏళ్ల తరబడి పక్కపక్కనే నడిచాయి. ఒకదాన్ని తీసేశాక రెండోది ఒంటరిగా మిగిలి, అదే అసలు సంగతిలా కనపడసాగింది. కోడలికి ఈ సందు దొరికింది.

కోడలు: మామా, 1927ల అదే పెండిల్టన్‌ల రాణి ఎవరో ఎరుకనా? మేబెల్ స్ట్రిక్‌లాండ్. ఉరికే గుర్రం మీదికెల్లి కోడెకు తాడేసి పడగొట్టేటి ఆమె. ఆటగత్తెగ పేరు వచ్చినంకనే రాణి అయ్యింది. కిరీటం పెట్టిన్రని తాడు కింద పెట్టలేదు. రెండు ఒక్క మనిషికే ఉండొచ్చు అనేందుకు ఇంకేం సాక్ష్యం కావాలె? ఇంకోటి విను. 1948ల టెక్సాస్‌ల శాన్ ఏంజెలోల 38 మంది ఆడోళ్లు కూసొని సొంత సంఘం పెట్టుకున్నరు, గర్ల్స్ రోడియో అసోసియేషన్ అని. మాకు మా పోటీలు కావాలె, మా బహుమతి పైసలు మాకు కావాలె అన్నరు. ఇప్పుడు మూడు పీపాల చుట్టు గుర్రం తిప్పే పోటీ పెద్ద రోడియోలన్నింటిల ఉన్నదంటె ఆ సంఘం కొట్లాటనే. పీపా కింద పడ్డదా, ఐదు సెకండ్లు మీద పడ్డయి. ఆ ఐదు సెకండ్లతోని ఇగ గెలుపు మాట లేదు.

మామ: అది ఆటగత్తెల గెలుపు. రాణిగాళ్లది కాదు. సంఘం పెట్టినోళ్లు కిరీటం అడిగిన్రా, పైసలు అడిగిన్రా?

కోడలు: పైసలే. ఒప్పుకుంట. కాని రాణికి ఏమీ రావొద్దు, ఊకె నవ్వితె చాలు అనుకుంటున్నవ్ చూడు, అది తప్పు. మిస్ రోడియో అమెరికాల స్వారీకి మార్కులుంటయి. తన గుర్రం కాదు, అలవాటు లేని గుర్రం మీద ఎక్కిపిస్తరు. ఇట్ల తిప్పు, అట్ల ఆపు, ఇప్పుడు ఎనక్కు నడుపు అని చెప్తరు. గుర్రం రోగాల మీద, మేత మీద, జీను సామాను మీద ప్రశ్నలు. మా కాలేజీల పరీక్షకు చదివినట్టు చదువుతరు.

మామ: ఇప్పుడు నా దిక్కు నుంచి ఒకటి విను. 2025 మేల మన రాష్ట్రంలనే రాణుల ఎండాకాలం జరిగింది. మిస్ వరల్డ్. మే 10న గచ్చిబౌలి స్టేడియంల మొదలు, 31న హైటెక్స్‌ల కిరీటం. థాయ్‌లాండ్ పిల్ల ఓపల్ సుచాత గెలిచింది. నడుమ మూడు వారాలు, వందకు పైగా దేశాల పిల్లలను బస్సులల్ల తిప్పిన్రు. నాగార్జునసాగర్ బుద్ధవనం, యాదగిరిగుట్ట, పోచంపల్లి, ఓరుగల్లు, రామప్ప, పిల్లలమర్రి. నువ్వు చెప్పిన ఫెయిర్ల తిరుగుడు లెక్కనే లేదా? మే 14న రామప్ప గుడి కాడ మన ఆడోళ్లు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి తుడిచిన వీడియోలు రాష్ట్రమంత చూసింది. అతిథి మర్యాద అన్నరు కొందరు. నాకైతె తల కొట్టేసినట్టైంది. రాణి అనేది ఒకతి ఉంటె, కాళ్లు కడిగేది ఇంకొకతి ఉండాలె. అది నీకు కనవడ్తలేదా?

కోడలు: కనవడ్డది. నాకూ కోపమొచ్చింది. కాని ఆ రెండింటినీ ఒక్క గాట కట్టకు. పోచంపల్లికి పోయిన్రు, మగ్గం చూసిన్రు, ఫోటోలు దిగిన్రు. ఒక్క పోగన్న నేసుడు వస్తెనే కిరీటం అని ఎవరన్న షరతు పెట్టిన్రా? లేదు. రోడియో రాణికి గుర్రం నడుపుడు రాకపోతె ఇంటికే. ఆమె ఏ పనికి ముఖమైందో ఆ పని ఆమెకు వస్తది. నా తేడా గదే.

మామ: గుర్రం నడుపుడు వస్తది, నిజమే. మరి పోటీల ఎందుకు నడపనియ్యరు? జెండా పట్టుకొని చుట్టు తిరిగి బయటికి పోవాలె. పని వచ్చినోళ్లను అరుగు మీద కూసోబెట్టుడు ఇంకా అన్యాయం పిల్లా. రానోళ్లను కూసోబెడితె బాధ లేదు.

ఈ దెబ్బకు కోడలు వెంటనే బదులివ్వలేదు. మామ ఊరుకోకుండా ఇంకో వైపు నుంచి వచ్చాడు.

మామ: నువ్వు పశువుల డాక్టర్వు. ఉరికే లేగ మెడకు తాడు పడి అది ఎల్లెలుకల పడుతుంటె, నీ పానం ఎట్లున్నది?

కోడలు: మంచిగ లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలె? పెద్ద రోడియోలల్ల పశువైద్యుడు ఆడనే ఉండాలనే నియమం ఉన్నది. ఎద్దు ఎగరనీకె నడుముకు కట్టే పట్టీ గురించి జనం అనుకునే మాటలు కొన్ని ఉత్తయే. కాని లేగకు తాడేసుడు నాకు నచ్చలేదు. ఆ పోటీ వచ్చినప్పుడు నేను లేచి పశువుల కొట్టాల దిక్కు పోయేదాన్ని. అయితె ఈ ప్రశ్న వాళ్లను ఒక్కళ్లనే అడిగేది కాదు మామా. జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను సుప్రీంకోర్టు 2014ల ఆపింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు మార్చుకున్నయి, 2023 మేల ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మార్పులు చెల్లుతయి అన్నది. అటు పల్నాడు దిక్కు ఒంగోలు ఎడ్లతోని బండ లాగిపిస్తరు. మన పక్కకే కర్ణాటకల కారహుణ్ణిమెకు ఎడ్లను ఉరికిస్తరు. మనం ఏరువాకకు ఉరికిస్తం.

మామ: ఏరువాకను దాంట్ల కలపకు. అది ఎద్దుకు మొక్కే దినం. కడుగుతం, కొమ్ములకు రంగేస్తం, గజ్జెలు కడ్తం, భక్ష్యాలు పెడ్తం. సాయంత్రం డప్పుల నడుమ తోరణం కిందికెల్లి తోల్తం. ఆడ మార్కులు లేవు, టికెట్లు లేవు, రాణి లేదు.

కోడలు: రాణి లేదా? సరే. మరి ఆ దినం పగ్గం ఎవరి చేతిల ఉంటది?

మామ: రైతు చేతిల.

కోడలు: రైతు అంటె?

మామ: అడ్డం తిప్పి అడుగకు.

కోడలు: నిలువుగనే అడుగుతున్న. ఏడాదంత కుడితి పెట్టేది అత్త. గడ్డి కోసుకొచ్చేది అత్త. పెండ తీసేది, కొట్టం ఊడ్చేది, ఎద్దుకు జ్వరమొస్తె అందరి కంటె ముందు గుర్తుపట్టేది అత్త. ఏరువాక దినం నువ్వు తెల్ల ధోతి కట్టుకొని పగ్గం పడ్తవ్. అత్త గడప కాడ హారతి పళ్లెం పట్టుకొని నిలవడ్తది. ఒక్క అడుగు గడప దాటదు. ఆ పళ్లెం కిరీటం కంటె ఏం తక్కువ మామా? అదీ పని చేసేటి ఆడిదాన్ని పక్కకు నిలబెట్టుడే గద? ఇంకా నా స్నేహితురాలు నయం. ఆమె గుర్రం మీద కూసొని అన్న తిరిగింది.

మామ: అది ఆచారం. మా అమ్మ కాలం నుంచి గట్లనే ఉన్నది.

కోడలు: తారీఖు అడుగుత అన్నవ్ గద, సోషల్ సారూ. ఇప్పుడెందుకు అడుగుతలేవు?

ఆయన నవ్వాడు. నవ్వి తప్పించుకున్నాడనే నాకనిపించింది.

మామ: అడుగుత, అడుగుత. కాని ఎద్దే లేకుంట పోతున్నది బిడ్డా, పగ్గం గురించి కొట్లాడి ఏం ఫాయిదా? 2019 పశుగణనల దేశంల మగ పశువులు అంతకు ముందటి లెక్క కంటె 30 శాతం దాంక తగ్గినయి. ఈడ చూస్తలేవా? ప్రతి వాడకు ట్రాక్టరు. ఎడ్ల జత కావాలంటె షాబాద్ దిక్కు సర్దార్‌నగర్ అంగడికి పోవాలె, మంగళవారం. పోయి ధర వింటె తిరుగు బస్సు ఎక్కుతవ్.

కోడలు: నేను అంటున్నది అదే. వాళ్ల ఆట ఎందుకు నిలబడ్డది? హ్యూస్టన్ల పశువుల ప్రదర్శన 1932ల మొదలైంది, రోడియో తర్వాత వచ్చి కలిసింది. మార్చిల మూడు వారాలు పట్నమంత ఆడనే ఉంటది. మన తెలుగోళ్లు కూడ పిల్లలను తోలుకొని, తలా ఒక టోపీ కొనుక్కొని పోతరు. గొడ్డు మొఖం చూడని పట్నపోళ్లను కొట్టం దాంక గుంజుకొచ్చేటి మనిషి కావాలె. రాణి చేసేది ఆ పని. బడికి పోయి, పిల్లలకు గుర్రం ముట్టిపిచ్చి, పాలు ఏడికెల్లి వస్తయో చెప్తది. మనకు ఏరువాక అంటె పేపర్ల ఒక ఫోటో. మన ఊరి పిల్లలల్ల కాడి ఏది, గొర్రు ఏది అని తెలిసినోళ్లు ఎంతమంది?

మామ: మనకు జాతరల ముందల నడిచే ఆడిది లేదనుకుంటున్నవా?

కోడలు: ఉన్నది. నేనే అందామనుకున్న, నువ్వు నొచ్చుకుంటవని ఆగిన. జోగిని. మన వికారాబాద్, పాలమూరు పల్లెలల్ల చిన్నపిల్లను దేవుని పేర ఇడిచేటోళ్లు. జాతర దినం ఆమె ముందల, జనమంత ఎనక. పసుపు, బండారు, డప్పులు. ఊరంత మొక్కుతది. తెల్లారినంక ఆమెను ఎవరు ఏమన్నా అడిగే దిక్కు లేదు. 1988ల చట్టం వచ్చింది, ఇడుచుడు నేరమైంది. వాళ్ల పిల్లలు ఇప్పటికీ బడిల తండ్రి పేరు కాడ తల వంచుకుంటరు.

మామ: దాన్ని రాణి అనకు. అది నేరం.

కోడలు: అంటలేను. జాతరల ముందల నడిపిచ్చిన్రు అంటున్న.

మామ: నేను పొద్దటి సంది చెప్తున్నది అదే. ఒక్కదినం ముందల నిలబెట్టి మొక్కుడు చూసి మురవొద్దు. మిగిలిన దినాలల్ల ఆమెకు భూమి ఉన్నదా, కూలి ఎంత, ఇంట్ల మాట చెల్లుతదా అని చూడాలె. రోడియోది కూడ గదే లెక్క. ఇప్పుడు నా దిక్కు జాతర చెప్త. ఎంతో దూరం లేదు, జహీరాబాద్ పక్కన పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 1983 నుంచి ఉన్నది. ఆడ సంఘాల ఆడోళ్లు, ఎక్కువమంది దళితులు, ఎకరమో రెండెకరాలో ఉన్నోళ్లు, ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడ్తరు. ఎడ్లబండ్లను పువ్వులతోని, జొన్న కంకులతోని ముస్తాబు చేసి, కుండలల్ల విత్తనాలు పెట్టి, ఒక నెల దాంక ఊరూరికి తోలుకపోతరు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, పాత కంది రకాలు. ప్రతి ఊర్ల డప్పులతోని ఎదురొస్తరు. చెట్టు కింద కూసొని ఏ విత్తనం ఏ నేలకు, వానలు తక్కువైతె ఏది నిలవడ్తది అని మాట్లాడేది ఆ ఆడోళ్లే. 2008ల వాళ్లే మాచ్‌నూర్‌ల రేడియో పెట్టుకున్నరు. 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ సంస్థను నిలబెట్టిన సతీష్ గారు 2023ల పోయిండు, ఆయన పోయినా జాతర ఆగలేదు. అండ్ల ఎవరికీ కిరీటం లేదు. బండి మీద ఎక్కిచ్చింది విత్తనాన్ని.

కోడలు: మంచి జాతర. నేనూ చిన్నప్పుడు అమ్మతోని పోయిన. కాని మామా, ఆ బండ్ల ఫోటోలు విదేశాల పుస్తకాలల్ల చూసిన, మర్పల్లి అంగడిల ఆ విత్తనాల మాట ఎవరన్న మాట్లాడంగ వినలేదు. ఈ ఊర్ల పత్తి గింజ అమ్మేటోనికి పోస్టర్లున్నయి, సినిమా యాక్టర్లున్నరు. విత్తనం దాసిపెట్టిన అవ్వ ముఖం ఏ గోడ మీద ఉన్నది? నువ్వు కిరీటం వద్దు వద్దంటవ్. ఎవరికీ పేరు పెట్టకుంటె ఏమైతదంటె, పేరు కంపెనీకి పోతది.

ఈ మాటకు మామ దగ్గర సరైన జవాబు ఉందని నేననుకోను. పాత పంటల జాతరలో ముందుండే ఆడవాళ్ల పేర్లు వాళ్ల వాళ్ల ఊళ్లలో బాగా తెలుసు. మూడు స్టేషన్ల అవతల తెలియవు. అయితే, గోడ మీద ముఖం పడిన మర్నాడే దాని కింద ఎవరి దుకాణం పేరు ఉంటుందో కూడా మామే ముందుగా చెప్పాడు. ఈ ముడి ఇద్దరిలో ఎవరూ విప్పలేదు.

మామ: పేరు కావాలె, సరే. దానికి కిరీటం ఎందుకు? పేరు చాలదా?

కోడలు: చాలు. కిరీటం కాదు నాకు ముఖ్యం. ఈ ఏరువాక పున్నానికి నేను ఈడనే ఉంట. ఎడ్లను నేను తోల్త. పగ్గం నా చేతికియ్యి.

మామ: ఊరు ఏమంటది?

కోడలు: ఊరికేమన్న మాట ఉంటె నాతోని మాట్లాడుమను. ఎద్దు గిట్ట చూసి, పండ్లు చూసి వయసు చెప్త. ఎవరన్న చెప్పుమను.

మామ: తోలుడు అంటె ఫోన్ల ఫోటో దిగుడు కాదు. డప్పు సప్పుడుకు కోడె బెదిరి అడ్డం తిరిగితె పగ్గం ఇడువాలెనా, బిగబట్టాలెనా? ముకుతాడు ఎంత గుంజాలె? ఇయ్యన్ని పుస్తకంల లేవు. ఏరువాక అంటె అసలు మొదలు చాలు దున్నుడు. తోలుడు సాయంత్రం ముచ్చట. మొదలు ఒక పూట అరక కట్టు, చాలు వంకర పోకుండ తియ్యి. వచ్చిందా, పగ్గం ఇస్త. నీ రాణిగాళ్లకు స్వారీ పరీక్ష ఉన్నది గద, నా కాడ కూడ ఉన్నది.

కోడలు: ఒప్పుకున్న. అరక ఎప్పుడు కడ్తవ్?

మామ: అరకకు ఎడ్లేవి? మన జత పోయిన కార్తీకంలనే అమ్మిన.

కోడలు: గిసుంటి మాట ఇప్పుడా చెప్పేది! మంగళవారం సర్దార్‌నగర్ పోదాం. పండ్లు, గిట్టలు నేను చూస్త, ధర నువ్వు మాట్లాడు.

అప్పటిదాకా లోపల కంది పప్పు చెరుగుతున్న అత్త చేటతో సహా బయటికొచ్చింది.

అత్త: కొంటరు, తోల్తరు, ఫోటోలు దిగుతరు. ఆ పిల్ల ఆగస్టుల విమానమెక్కుతది. కొట్టంల పెండ ఎవరు తీస్తరు?

కోడలు: ఉన్నన్ని దినాలు నేను తీస్త అత్తా.

అత్త: ఆ ఎనక?

మామ: నేను తీస్త.

అత్త: నోటి మాట కాదు. సోషల్ సారువు గద, కాగితం మీద రాసియ్యి. తారీఖు గూడ వెయ్యి.